పాదపు ఎముకలో కంతి – కాలు నిలిపే శస్త్రచికిత్స

మనిషి శరీరభారాన్నంతా మోసేది పాదం. అయినా మనం అతి తక్కువగా పట్టించుకునే అవయవం కూడా అదే. తల నొస్తే ఒక పూట పని మానుకుంటాము. పంటిపోటు వస్తే రాత్రి నిద్ర మానుకుంటాము. పాదం నొస్తే మాత్రం, ఎక్కడో మడత పడింది, రేపటికి సర్దుకుంటుందిలే అనుకొని నడుస్తూనే ఉంటాము. చాలామందికి అది సర్దుకుంటుంది కూడా. సర్దుకోని కొద్దిమందిని గురించి, వారిలోనూ బహు అరుదుగా కనిపించే ఒక వ్యాధిని గురించి ఈ ప్రసంగంలో మేము చెప్పదలచాము. అది పాదపు ఎముకలో పుట్టే ఒక కంతి. వైద్యులు దానిని జెయింట్ సెల్ ట్యూమర్ అంటారు. మనం తెలుగులో మహాకణాల కంతి అని పిలుచుకుందాము.

ఇంత అరుదైన వ్యాధిని గురించి అందరికీ చెప్పవలసిన అవసరమేమని శ్రోతలు అడగవచ్చును. కారణం ఒకటే. ఈ వ్యాధిలో కాలు నిలవడమా, పోవడమా అన్నది చాలాసార్లు ఆపరేషన్ బల్లమీద కాక, అంతకు ముందే తేలిపోతుంది. ఇంటిలో జరిగిన ఆలస్యం ఒకటి, తొలి పరీక్షలో జరిగిన తొందరపాటు మరొకటి, ఈ రెండూ శస్త్రవైద్యుని చేతులు కట్టివేస్తవి. రెండింటినీ తప్పించుకునే మార్గం ఉన్నది గనుకనే ఈ నాలుగు మాటలు.

మొదట పాదం కట్టడి ఎటువంటిదో చూద్దాము. ఒక పాదంలో 26 ఎముకలు ఉన్నవి. వెనుక భాగాన 7, నడుమ 5, వేళ్ళలో 14. అన్నింటిలోనూ పెద్దది మడమ ఎముక. దానిమీద కూర్చున్నట్లు ఉండేది చీలమండ ఎముక. దానికి వైద్యులు పెట్టిన పేరు టేలస్. మోకాలి కింది నుంచి దిగివచ్చే బరువంతా మొదట ఈ ఎముకమీద పడి, అక్కడినుంచి మడమకూ ముందుపాదానికీ పంపకమవుతుంది. ఇంత పని చేసే ఎముకకు ఒక్క కండరమైనా అతుక్కొని ఉండదు. దాని ఉపరితలంలో సగానికి మించిన భాగాన్ని కీళ్ళకు కావలసిన నున్నని మృదులాస్థి కప్పి ఉంటుంది. రక్తనాళాలు లోపలికి దూరడానికి మిగిలిన చోటు స్వల్పం. అందుచేత ఈ ఎముకకు హాని కలిగితే మానడం కష్టం.

తొడలో ఎముక చుట్టూ దట్టమైన కండరాలు ఉన్నవి. అక్కడ కంతి పుడితే దాని చుట్టూ ఆరోగ్యమైన కండను కూడ కొంత కలిపి తీసివేసే వెసులుబాటు శస్త్రవైద్యునికి ఉంటుంది. పాదంలో అది లేదు. చర్మం తీయగానే ఎముక, ఎముక పక్కనే మరొక ఎముక, వాటి సందుల్లోనే స్నాయువులు, నరాలు, రక్తనాళాలు. కంతి చుట్టూ రెండు వేళ్ళ మందాన మంచి కండను తీయదలిస్తే, ఆ రెండు వేళ్ళ మందం పాదంలో ఎక్కడా దొరకదు. పాదంలో కంతికి చేసే శస్త్రచికిత్సలోని కష్టమంతా ఇక్కడే ఉన్నది. ఎక్కువ తీస్తే మనిషి నడవలేడు. తక్కువ తీస్తే కంతి మళ్ళీ వస్తుంది.

ఇక ఈ కంతి స్వభావం. ఎముక రాయివలె జడమైన వస్తువు కాదు. పాతబడిన ఎముకను కరిగించే కణాలు కొన్ని, ఆ చోట కొత్త ఎముకను కట్టే కణాలు కొన్ని అందులో జీవితాంతం పనిచేస్తూనే ఉంటవి. ఆ రెండు పనులూ సరితూగినంతకాలం ఎముక గట్టిగా ఉంటుంది. మహాకణాల కంతిలో ఈ తూకం చెడుతుంది. దాని ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే, ఒక్కొక్కదానిలో పదుల కొద్దీ కేంద్రకాలు గల పెద్దపెద్ద కణాలు కనిపిస్తవి. కంతికి ఆ పేరు వచ్చింది వీటివల్లనే. దోషమంతా వీటిదేనని చాలాకాలం భావించారు. కాని ఈ పెద్ద కణాలు కూలివాండ్రవంటివి. వాటి నడుమ, చూపుకు ఆనకుండా ఉండే మామూలు పరిమాణపు కణాలే అసలు యజమానులు. అవి ఆజ్ఞ ఇస్తవి, పెద్ద కణాలు ఎముకను కరిగిస్తవి. ఈ కంతులలో అత్యధిక భాగానికి ఆ చిన్న కణాల జన్యువులో ఒకానొక చోట జరిగిన మార్పే మూలమని 2013లో పరిశోధకులు కనుగొన్నారు.

అయితే ఇది రాచపుండేనా? సాధారణంగా కాదు. అట్లాగని సాధువైనదీ కాదు. ఉన్నచోటనే ఎముకను తొలిచి, పెంకును పలుచబరచి, పక్క కీలుదాకా పాకుతుంది. తీసివేసినా తిరిగి పుట్టే గుణం దీనికి ఉన్నది. కొద్దిమందిలో ఊపిరితిత్తులకు చేరుతుంది. బహు కొద్దిమందిలో నిజమైన క్యాన్సరుగా మారుతుంది. ఎక్కువగా 20, 40 ఏండ్ల మధ్య వయస్సులో వస్తుంది. మోకాలి చుట్టూ, మణికట్టు దగ్గర దీనికి ఇష్టమైన తావులు. పాదంలో కనిపించేవి నూటికి అయిదు కూడా ఉండవు. కాని వచ్చినవారి వయస్సు చూడండి. అది కుటుంబాన్ని నడిపే వయస్సు. గుంటమగ్గం తొక్కే నేతపనివానికి, మోకాటిలోతు బురదలో నాట్లు వేసే స్త్రీకి, రోజంతా నిలుచుండి పాఠం చెప్పే ఉపాధ్యాయునికి పాదం పోతే జీవనాధారం పోయినట్లే.

ఈ వ్యాధి చరిత్రలో ఒక పాఠం ఉన్నది. ఇటువంటి కంతిని 1818లో లండన్ నగరపు శస్త్రవైద్యులు ఆస్ట్లీ కూపర్, బెంజమిన్ ట్రావర్స్ తమ గ్రంథంలో వర్ణించారు. ఆనాటికి మత్తుమందు లేదు. ఈథర్ మత్తు ప్రపంచానికి తెలిసినది 1846లో. ఎముకలో కంతి అంటే అవయవాన్ని ఖండించడమే ఆ శతాబ్దంలో వాడుకగా ఉన్న చికిత్స. ఏ కంతి ప్రాణాంతకమో, ఏది కాదో నిశ్చయంగా చెప్పగలవారు లేనప్పుడు, ప్రాణం దక్కించుకోవడానికి కాలు ఇచ్చివేయడమే వివేకమని తోచేది. అమెరికాలో బాల్టిమోరు నగరంలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలకు చెందిన జోసెఫ్ బ్లడ్‌గుడ్ ఈ పద్ధతిని ప్రశ్నించాడు. మహాకణాల కంతిని ఇతర ఎముక క్యాన్సర్లతో జమకట్టరాదనీ, అవయవాన్ని నిలిపి చికిత్స చేయవచ్చుననీ 1912లో వాదించాడు. 1920లో బోస్టన్ వైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్, ఎముకలలో పుట్టే క్యాన్సర్ల వివరాలన్నింటినీ ఒకచోట నమోదు చేసే పనిని ఆరంభించాడు. ఎక్స్‌రే పటాలు, కంతి ముక్కలు, రోగుల తరువాతి స్థితిగతులు పక్కపక్కన పెట్టి చూచిన తరువాతనే ఈ కంతులకు విడివిడి పేర్లు, విడివిడి స్వభావాలు ఉన్నవని స్థిరపడింది. 1940లో జాఫే, లిచ్టెన్‌స్టీన్, పోర్టిస్ అనే ముగ్గురు వైద్యులు మహాకణాల కంతిని దాని పోలికలు గల ఇతర వ్యాధులనుండి స్పష్టంగా వేరుచేశారు. చరిత్ర చెప్పే పాఠం ఇదే: వ్యాధికి సరియైన పేరు దొరికిన తరువాతనే కాళ్ళు దక్కడం మొదలయింది.

ఇప్పుడు ఇంటి సంగతికి వద్దాము. ఈ కంతి మొదట నొప్పిగా తెలుస్తుంది. నడిచినప్పుడు నొచ్చి, కూర్చుంటే తగ్గుతుంది. కొన్ని వారాలకు కూర్చున్నా తగ్గదు. తరువాత రాత్రిపూట నిద్ర లేపుతుంది. ఆ పైన వాపు కనిపిస్తుంది. జ్వరం ఉండదు. దెబ్బ తగిలిన గుర్తు కూడా చాలామందికి ఉండదు. ఉన్నా, ఎప్పుడో రాయి తగిలిన సంగతి తలచుకొని అదే కారణమనుకుంటారు. ఉప్పుమూట కాపడం, వావిలాకు కట్టు, ఆముదం రాసి మర్దన, ఇవన్నీ వరుసగా జరిగిపోతవి. ఈ ఉపచారాలకు మేము విరోధులము కాము. బెణుకుకు విశ్రాంతీ వెచ్చదనమూ సుఖమిస్తవి. కాని బెణుకుకు ఒక గడువు ఉన్నది. మూడు నాలుగు వారాలు దాటినా తగ్గక పెరుగుతున్న నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి, వేలితో నొక్కితే ఎముకవలె గట్టిగా తగిలే వాపు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది బెణుకు కాకపోవచ్చును. అప్పుడు మర్దన మానవలె. కంతి తొలిచిన ఎముక గోడ కోడిగుడ్డు పెంకువలె పలుచబడి ఉంటుంది. గట్టిగా పిసికితే అది విరగవచ్చును. రాయలసీమలోని పుత్తూరు కట్టు పేరు తెలియని తెలుగువారు అరుదు. కట్టు అనేది విరిగిన ఎముకను కదలకుండా నిలిపే ఉపాయం. ఎముకను లోపలినుంచి తినివేసే కంతిని ఏ కట్టూ ఆపలేదు.

అప్పుడు చేయవలసిన తొలి పని ఎక్స్‌రే తీయించడం. 1895లో జర్మనీలో రాంట్జెన్ ఈ కిరణాలను కనుగొని, తన భార్య చేతి ఎముకలనే పటంగా తీసి చూపాడు. నాటినుండి నేటివరకు ఎముకలోని కంతిని పట్టి ఇచ్చే మొదటి సాధనం అదే. ఎముక చివర, కీలుకు దగ్గరగా, నల్లని ఖాళీ వంటిది పటంలో కనిపిస్తే వైద్యుడు అనుమానిస్తాడు. అటు తరువాత ఎముక గోడ ఎక్కడెక్కడ తెగినదో చూపడానికి సి.టి. స్కాన్, కంతి మెత్తని కండలోకి ఎంతదూరం పాకినదో చూపడానికి ఎం.ఆర్.ఐ. స్కాన్ అవసరమవుతవి. ఛాతీకి కూడా పటం తీస్తారు. కాలి నొప్పికి ఛాతీ పరీక్ష ఎందుకని రోగి ఆశ్చర్యపడనక్కరలేదు. ఊపిరితిత్తులు నిర్మలంగా ఉన్నవని తెలిసిన తరువాతనే కాలిని గురించిన నిర్ణయం.

అయితే పటంలో కనిపించిన ప్రతి నల్లని ఖాళీ మహాకణాల కంతి కాదు. మనదేశంలో ఎముకకు క్షయ సోకడం ఇప్పటికీ ఉన్నది. దానికి కావలసినది ప్రధానంగా మందులు. ఇంకొక చిత్రమైన పోలిక ఉన్నది. మెడలో కందిగింజంత గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటవి. వాటిని పారాథైరాయిడ్ గ్రంథులు అంటారు. రక్తంలోని కాల్షియం వాటి అదుపులో ఉంటుంది. వాటిలో ఒకటి అతిగా పనిచేస్తే ఎముకలు కరిగి, అచ్చం మహాకణాల కంతివలెనే కనిపించే గుల్ల ఏర్పడుతుంది. సూక్ష్మదర్శినిలో చూచినా తేడా పట్టడం కష్టం. దానికి చికిత్స కాలికి కాదు, మెడలోని గ్రంథికి. ఈ తేడాను బయటపెట్టే పరీక్షలు రక్తంలో కాల్షియంనూ, ఆ గ్రంథి ఊట పాళ్ళనూ కొలిచే సామాన్యమైన పరీక్షలు. అవి చేయకుండా పాదాన్ని కోస్తే ఆ రోగికి జరిగేది అన్యాయమే.

అందుచేత పెద్ద ఆపరేషనుకు ముందు కంతినుంచి చిన్న ముక్క తీసి పరీక్షించవలె. దీనినే బయాప్సీ అంటారు. వినడానికి ఇది చాలా చిన్న పని. చికిత్స మొత్తంలో అతి జాగ్రత్తగా చేయవలసిన పని కూడా ఇదే. సూది దూరిన దారి వెంట కంతి కణాలు అంటుకొని ఉండవచ్చును. కాబట్టి తరువాత చేయబోయే గాటు రేఖమీదనే సూది దిగవలె, అప్పుడు ఆ దారిని కూడా కలిపి తీసివేయడం సాధ్యమవుతుంది. వేరొక చోట దిగితే ఆ భాగమంతా కలుషితమైనట్లే. అమెరికా వైద్యుడు హెన్రీ మాన్‌కిన్, ఆయన సహచరులు 329 మంది రోగుల వివరాలు పరిశీలించి 1982లో ప్రచురించిన లెక్క ప్రకారం, బయాప్సీలో జరిగిన లోపాలవల్ల నూటికి 4.5 మందికి అవసరం లేని అంగచ్ఛేదం జరిగింది. 1996లో 597 మందితో మళ్ళీ లెక్క చూస్తే పరిస్థితి పెద్దగా మారలేదు. అసలు చికిత్స జరిగే వైద్యశాలలోనే ముక్క తీసినప్పుడు పొరపాట్లు చాలా తక్కువని ఆ లెక్కలే చెప్పినవి. తొందరపాటు మాట మేము మొదట ఎత్తినది ఇందుకే.

పేరు నిశ్చయమైన తరువాత శస్త్రచికిత్స. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మన పెద్దల సామెత. గొడ్డలి కావలసినచోట గోరు చాలదన్నది కూడా అంత నిజమే. ఈ కంతికి సాధారణంగా చేసే ఆపరేషను రెండింటికీ నడుమ ఉన్నది. కంతిని ఎముకలోపలినుంచి గీకి తీసి, ఎముక పెంకును నిలుపుతారు.

రోగికి నడుములో సూది వేసి కాళ్ళకు మత్తు ఇస్తారు. లేదా పూర్తి మత్తు ఇస్తారు. నెత్తురు అడ్డు రాకుండా తొడకు గాలిపట్టీ బిగిస్తారు. అంతకు ముందు కాలిని కొంతసేపు ఎత్తిపట్టి నెత్తురును జారనిస్తారు. మామూలు ఆపరేషన్లలో చేసినట్లు రబ్బరు గుడ్డ చుట్టి పిండరు. పిండితే కంతి కణాలు నెత్తురులోకి నెట్టబడవచ్చునని భయం. తరువాత ఎముక గోడకు కిటికీ వంటి ద్వారం తీస్తారు. ఈ కిటికీ పెద్దదిగా ఉండవలె. గాదె కన్నం చిన్నదైతే మూలలలోని గింజలు చేతికి అందవు. కంతి కణాల విషయమూ అంతే. చిన్న గరిటె వంటి పనిముట్టుతో కంతినంతా గీకి తీస్తారు. గీకిన తరువాత గోడల ముడుతలలో దాగిన కణాలకోసం, వేగంగా తిరిగే చిన్న మర యంత్రంతో గోడలను చెక్కుతారు. పంటి వైద్యుడు పుచ్చును తొలిచే యంత్రానికి అది దగ్గర చుట్టము.

ఆ పైన చాలామంది వైద్యులు గోడలకు ఫీనాల్ పూస్తారు. ఇది కార్బాలిక్ ఆమ్లానికి మరొక పేరు. 1865లో గ్లాస్గో నగరంలో జోసెఫ్ లిస్టర్ గాయాలు కుళ్ళకుండా వాడి శస్త్రచికిత్స చరిత్రనే మార్చిన ద్రవ్యం ఇదే. ఇక్కడ సూక్ష్మజీవులకు బదులు మిగిలిన కంతి కణాలను చంపడం దాని పని. ద్రవరూపంలో ఉన్న నత్రజనిని పోసి గోడలను గడ్డకట్టించే పద్ధతి 1960 దశకంలో న్యూయార్కులో మొదలయింది. కాని పాదంలో చర్మమూ నరాలూ మరీ దగ్గరగా ఉండడంచేత దానిని బహు జాగ్రత్తగా వాడవలె. ఇన్ని ఉపాయాలు ఎందుకంటే, ఊరకే గీకి వదిలిన రోజులలో సుమారు మూడింట ఒక వంతు మొదలు సగంమంది దాకా రోగులకు కంతి తిరిగి వచ్చేది. గోడలను చెక్కి, మందు పూసే పద్ధతి వచ్చిన తరువాత ఆ సంఖ్య బాగా తగ్గింది.

ఇక మిగిలిన ఖాళీని పూడ్చవలె. నడుము పక్కని తుంటి ఎముకనుంచి కొంత ఎముక తీసి నింపడం ఒక పద్ధతి. అది క్రమంగా అతుక్కొని పాదపు ఎముకే అయిపోతుంది, కాని కొన్ని నెలలు పడుతుంది. ఎముక సిమెంటు నింపడం రెండవ పద్ధతి. ఇళ్ళు కట్టే సిమెంటు కాదు, ఇది ఒక రకమైన ప్లాస్టిక్ ముద్ద. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ 1958 ప్రాంతాన కృత్రిమ తుంటి కీలును బిగించడానికి దీనిని వాడుకలోకి తెచ్చాడు. అది గట్టిపడేటప్పుడు పుట్టే వేడి అంచులలో మిగిలిన కణాలకు కూడా హాని చేస్తుంది. రోగి త్వరగా కాలు మోపవచ్చును. తరువాతి పటాలలో, తెల్లని సిమెంటు పక్కన ఎక్కడైనా నల్లని చార కనిపిస్తే కంతి తిరిగి వచ్చినదని వెంటనే తెలుస్తుంది.

పాదంలో ఏ ఎముకకు కంతి వచ్చిందన్నదానినిబట్టి నిర్ణయం మారుతుంది. నడిపాదపు అయిదు పొడుగు ఎముకలలో ఒకటి పూర్తిగా పాడయితే దానిని మొత్తంగా తీసివేయవచ్చును. చిటికెనవేలి వైపుదైతే ఆ లోటును పాదం చాలావరకు సర్దుకుంటుంది. బొటనవేలి వెనుకదైతే అంత తేలిక కాదు. అడుగు ముందుకు నెట్టే బలం దానిదే గనుక మోకాలి కింది సన్న ఎముకనుంచి ముక్క తెచ్చి ఆ చోట అమర్చుతారు. మడమ ఎముక లోపల మెత్తని జల్లెడవలె ఉంటుంది. పెంకు చెదరకపోతే గీకి పూడ్చితే చాలును. పెంకు శిథిలమైతే ఎముకనే తీయవలసి రావచ్చును. అప్పుడు పిక్కనుంచి దిగివచ్చే పెద్ద స్నాయువుకు పట్టు పోతుంది, మునివేళ్ళమీద లేవడం కష్టమవుతుంది.

అన్నింటిలోకి చిక్కైనది చీలమండ ఎముక. కంతి లోపలే ఉండగా దొరికితే గీకి పూడ్చడమే చాలా సందర్భాలలో సాధ్యం. ఎముక కుంగిపోయి కీలుభాగం చితికిన తరువాత దొరికితే, దానిని పూర్తిగా తీసి, కాలి ఎముకను మడమ ఎముకతో అతికించవలసి వస్తుంది. నొప్పి లేకుండా నడవవచ్చును, కాని కీలు కదలదు, కాలు కొంత పొట్టి అవుతుంది. గొంతుకు కూర్చోవడం సాధ్యం కాదు. నేలమీద కూర్చొని పనిచేసే మన ఇళ్ళలో ఇది చిన్న మార్పు కాదు. ఆపరేషనుకు ముందే ఇంటివారికి తెలిసి ఉండవలసిన సంగతి ఇది. చెడిపోయిన చీలమండ ఎముక స్థానంలో లోహంతో చేసిన ఎముకను అమర్చిన అనుభవాన్ని థాయిలాండు వైద్యులు 1997లో ప్రకటించారు. అటు తరువాత రోగి కొలతల ప్రకారం ఎముకను తయారుచేసే విధానాలు వచ్చినవి. అవి ఇంకా అందరికీ అందుబాటులో లేవు.

కంతి అన్ని గోడలనూ చీల్చి చర్మం దాకా వచ్చినప్పుడు, పలుమార్లు తిరిగి వచ్చినప్పుడు, లేదా క్యాన్సరుగా మారినప్పుడు పాదాన్ని తీయడం తప్పకపోవచ్చును. అప్పుడు కూడా ఎంత తీయవలెనన్న విచక్షణ ఉన్నది. 1842లో ఎడింబరో నగరంలో జేమ్స్ సైమ్, చీలమండ దగ్గర పాదాన్ని వేరుచేసి, బరువు మోయడానికి అలవాటుపడిన మడమ చర్మాన్ని మాత్రం నిలిపి కాలి చివర కప్పాడు. మడమకు వ్యాధి సోకనప్పుడు ఈ పద్ధతిలో రోగి ఆ కాలి చివరమీదనే బరువు మోపగలడు. ఇంతకు ముందు చెప్పిన లిస్టర్ ఈయన అల్లుడే. మనదేశంలో 1968లో శిల్పకారుడు రామచంద్ర, డాక్టర్ పి. కె. సేఠీ కలిసి రూపొందించిన జైపూర్ పాదం, బూటు అవసరం లేకుండా, పొలం గట్టుమీదా బురదలోనూ నడిచేవారిని దృష్టిలో పెట్టుకొని చేసినది. డాక్టర్ సేఠీకి 1981లో మెగసెసే బహుమానం లభించింది. పాదం పోవడం దుఃఖమే, కాని దానితో నడక ముగిసిపోనక్కరలేదు.

మందులతో తగ్గదా అని అడిగేవారున్నారు. డెనోసుమాబ్ అనే సూదిమందును 2013లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఈ కంతికి ఆమోదించింది. చిన్న కణాలు పెద్ద కణాలకు పంపే ఆజ్ఞను అది అడ్డగిస్తుంది. కూలివాండ్రు పని మానివేస్తారు, ఎముక గట్టిపడుతుంది, నొప్పి తగ్గుతుంది. కాని యజమానులు చావరు. మందు ఆపితే మళ్ళీ పని మొదలు కావచ్చును. కొత్తగా గట్టిపడిన ఎముకలో దాగిన కణాలు గీకుడుకు అందక, ఆ తరువాత కంతి తిరిగి రావడం ఎక్కువగా ఉన్నదని కూడా వైద్యులు గమనించారు. అందుచేత ఆపరేషను చేయ వీలు లేనివారికి, లేదా పాదం పోయేటంత పెద్ద ఆపరేషనును చిన్నది చేసుకోవడానికి, నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే దానిని వాడుతారు.

ఆపరేషను అయిన తరువాత కొన్ని వారాలు, ఎముక నింపినచోట రెండు మూడు నెలలు, కాలు నేలమీద మోపరాదు. అది రోగులు సాధారణంగా పాటిస్తారు. పాటించనిది ఆ తరువాతి నియమం. ఈ కంతి తిరిగి వస్తే ఎక్కువగా మొదటి రెండు మూడేండ్లలో వస్తుంది. ఆ కాలంలో మూడు నాలుగు నెలలకొకసారి పాదానికి, నియమం ప్రకారం ఛాతీకి పటం తీయించవలె. ఆ పైన కొన్నేండ్లు విరామం పెంచుకుంటూ చూపించుకోవలె. నొప్పి లేదు గదా, రైలు ఖర్చు ఎందుకని మానుకున్నవారు, మళ్ళీ నొప్పి వచ్చిన తరువాత వస్తారు. అప్పటికి చిన్న గీకుడుతో పోయేది పెద్ద ఆపరేషనుగా మారి ఉంటుంది.

ఇటువంటి కంతులకు చికిత్స చేసిన అనుభవం గల వైద్యశాలలు మనకు అందనంత దూరాన లేవు. హైదరాబాదులో ఎం. ఎన్. జె. క్యాన్సర్ వైద్యశాల, నిమ్స్ ఉన్నవి. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. చెన్నైలో 1954లో ఆరంభమైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, ముంబయిలో 1941లో తెరచిన టాటా మెమోరియల్ ఆసుపత్రి దేశమంతటికీ తెలిసినవి.

వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు రోగిగాని, వెంట వెళ్ళినవారుగాని నాలుగు ప్రశ్నలు అడగవచ్చును. ఈ కంతి పేరు నిశ్చయమయిందా? రక్తంలో కాల్షియం, ఛాతీ పటం చూశారా? ముక్క తీసేవారు, తరువాత ఆపరేషను చేసేవారు కలిసి నిర్ణయించుకున్నారా? ఆపరేషను తరువాత ఈ కాలు ఏ పని చేయగలదు, ఏది చేయలేదు? ఈ ప్రశ్నలు వైద్యునిపట్ల అవిశ్వాసం కావు. మంచి వైద్యుడు వీటిని సంతోషంగా వింటాడు.

పాదం నొచ్చిన ప్రతివారూ కంతిని తలచుకొని భయపడనక్కరలేదు. అరుదైన వ్యాధి అరుదైనదే. నొప్పి నెలదాకా నిలిచినప్పుడు మాత్రం, ఒక్క పూట వెచ్చించి ఎక్స్‌రే తీయించుకొని రండి. పటంలో ఏమీ లేకపోతే నిశ్చింత. ఏమైనా ఉంటే, కాలు నిలుపుకునే అవకాశం ఆ పూట మీ చేతిలో ఉన్నంతగా మరెన్నడూ ఉండదు.